మీ ఖాతా పుస్తకం ఎక్కడుంది?

నెల్లూరులో ఇంజినీరింగ్ విద్యార్థులు, చిన్న సంస్థల డెవలపర్లు కలిసి జరుపుకున్న సమావేశంలో, వెబ్ అప్లికేషన్లకు సర్వర్‌లెస్ ఎడ్జ్ ప్లాట్‌ఫామ్‌ను (జనానికి దగ్గరలోని సర్వర్ల మీద మన కోడ్‌ను నడిపే సేవను) ఎంచుకోవడం గురించి చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం.

అందరికీ నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న పెద్దలకు మరీ మరీ నమస్కారం. విడవలూరు నుంచి మా బాబాయి కూడా వచ్చారు. కంప్యూటర్ల సభలో రొయ్యల రైతుకు ఏం పని అని మీకు అనిపించవచ్చు. ఈ రోజు నేను చెప్పబోయే పని ఆయన గుంటల గట్టు మీదే మొదలైంది. అందుకే వెంటబెట్టుకుని వచ్చాను.

నన్ను పిలిచినవాళ్లు ముందుగానే ఒక ప్రశ్న పంపించారు. వెబ్ అప్లికేషన్ పెట్టడానికి ఏ ఎడ్జ్ ప్లాట్‌ఫామ్ మంచిది? క్లౌడ్‌ఫ్లేర్ వర్కర్సా, వర్సెలా, నెట్లిఫైయా, డెనో డిప్లాయా, ఫాస్ట్లీయా, అమెజాన్ వాళ్లదా? ఒక పేరు చెప్పి కూర్చోవచ్చు, రెండు నిమిషాల్లో సభ అయిపోతుంది. కానీ పేరు కంటే ముందు మీరు తేల్చుకోవలసినది ఒకటుంది. దాన్ని తేల్చుకోకుండా పేరు ఎంచుకున్నవాళ్లు ఏ పేరు ఎంచుకున్నా ఇబ్బంది పడ్డారు. నేనూ పడ్డాను.

కాబట్టి మిమ్మల్ని నేను అడుగుతాను. మీ ఖాతా పుస్తకం ఎక్కడుంది? అంటే, మీరు కట్టిన అప్లికేషన్ డేటాబేస్ ఏ ఊళ్లో ఉంది? క్లౌడ్‌లో ఉంది అనకండి. ఊరు పేరు చెప్పాలి. ముంబైయా, సింగపూరా, అమెరికాలోని వర్జీనియానా? తెలిసినవాళ్లు చేతులెత్తండి. ఒకటి, రెండు, మూడు... ఐదుగురు. ఇంత పెద్ద హాల్లో ఐదుగురు. మిగిలినవాళ్లు నొచ్చుకోవద్దు. రెండేళ్ల క్రితం నేను కూడా చెయ్యెత్తగలిగేవాణ్ని కాదు.

సరే, విద్యార్థులున్నారు కాబట్టి మొదటి నుంచి వస్తాను. సర్వర్‌లెస్ అంటే సర్వరు ఉండదని కాదు, సర్వరు ఉంటుంది. దాన్ని కొనడం, నడపడం, రాత్రి పూట ఆగిపోతే లేచి చూసుకోవడం మన పని కాదు. మనం కోడ్ ఇస్తాం, అవసరం వచ్చినప్పుడు వాళ్లు నడుపుతారు, నడిచినంతకే డబ్బు తీసుకుంటారు.

ఇది ఎక్కడ పనికొస్తుంది? మన ఊళ్లోనే ఉంది ఉదాహరణ. రొట్టెల పండుగ. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గరికి, స్వర్ణాల చెరువుకు లక్షల మంది వస్తారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగ రొట్టె అంటూ నీళ్లలో నిలబడి మార్చుకుంటారు. బయటి రాష్ట్రాల నుంచి కూడా వస్తారు. మీలో ఎవరో ఒకరు ఆ వచ్చేవాళ్ల కోసం ఒక పేజీ చేశారనుకోండి. బండ్లు ఎక్కడ ఆపాలి, బస్సులు ఎక్కడి నుంచి బయలుదేరతాయి, తప్పిపోయిన పిల్లల కోసం ఎక్కడికి వెళ్లాలి. ఆ నాలుగైదు రోజులు ఆ పేజీ మీద విపరీతమైన ఒత్తిడి ఉంటుంది. మిగతా సంవత్సరమంతా దాని ముఖం చూసేవాళ్లుండరు. ఆ ఐదు రోజుల రద్దీకి సరిపడా సర్వరు కొని మిగిలిన 360 రోజులు అద్దె కడతారా? లేక చిన్న సర్వరు పెట్టుకుని, జనం వచ్చిన రోజే అది కూలిపోతుంటే చూస్తూ కూర్చుంటారా? సర్వర్‌లెస్ పుట్టింది ఇలాంటి చోటుకే. రద్దీ వస్తే పెరుగుతుంది, పోతే సున్నాకు వస్తుంది, బిల్లూ సున్నాకు వస్తుంది.

ఇక్కడొక మాట పక్కన చెప్పుకోవాలి. పండుగ రోజు చెరువు దగ్గర సెల్ టవరే నిండిపోయి ఉంటే ప్రపంచంలో ఏ ఎడ్జ్ వచ్చినా మీ పేజీ తెరుచుకోదు. అక్కడ మీరు చేయగలిగింది పేజీ బరువు తగ్గించడం. పెద్ద బొమ్మలు తీసేయండి, అవసరం లేని స్క్రిప్టులు తీసేయండి. ప్లాట్‌ఫామ్ గురించి వారం రోజులు వాదించుకుని, నాలుగు మెగాబైట్ల బొమ్మను మొదటి పేజీలో పెట్టే వాళ్లను నేను చాలామందిని చూశాను.

ఇక ఎడ్జ్. 2014 నవంబరులో అమెజాన్ లాంబ్డా అనే సేవను ప్రకటించింది. సర్వర్‌లెస్ అనే మాట జనంలోకి వెళ్లింది దానితోనే. కానీ లాంబ్డాలో మీరు ఒక ప్రాంతాన్ని ఎంచుకోవాలి. ముంబై అంటే ముంబైలోనే నడుస్తుంది. 2017 సెప్టెంబరులో క్లౌడ్‌ఫ్లేర్ వర్కర్స్‌ను ప్రకటించింది, 2018 మార్చిలో అందరికీ తెరిచింది. వాళ్ల దగ్గర అప్పటికే ప్రపంచమంతా సర్వర్లున్నాయి, బొమ్మలు, స్టైల్ ఫైళ్లు జనానికి దగ్గర నుంచి అందించడానికి. ఫైళ్లు దగ్గర నుంచి ఇస్తున్నప్పుడు కోడ్ కూడా అక్కడే నడిపితే ఏం పోయింది అన్నది వాళ్ల ఆలోచన. ఇప్పుడు వాళ్లు మూడు వందలకు పైగా నగరాల్లో ఉన్నారు. మనకు దగ్గర్లో చెన్నై ఉంది, హైదరాబాద్ ఉంది, ముంబై ఉంది. మీ కోడ్ ఒకే ఒక్క సెంటర్‌లో కాకుండా, అడిగినవాడికి దగ్గరగా ఉన్న చోట నడుస్తుంది. అదీ ఎడ్జ్ అంటే.

మరి అన్ని ఊళ్లలో, అంతమంది కోడ్‌ను అంత చవకగా ఎలా నడపగలుగుతున్నారు? ఇది తెలుసుకుంటే తర్వాత వచ్చే పరిమితులన్నీ వాటంతటవే అర్థమవుతాయి, కాబట్టి కొంచెం ఓపిక పట్టండి. పెళ్లికి వంద కుటుంబాలు వచ్చాయనుకోండి. ప్రతి కుటుంబానికి వేరే ఇల్లు, వేరే వంటగది ఇవ్వడం ఒక పద్ధతి. వర్చువల్ మెషీన్, అంటే ఒకే సర్వరు లోపల ఒక్కొక్కరికీ విడిగా పెట్టే కంప్యూటర్, అలాంటిది. రక్షణ బాగా ఉంటుంది, కానీ ఇల్లు సిద్ధం చేసి పొయ్యి వెలిగించేసరికి సమయం పడుతుంది. లాంబ్డా కింద నడిచే ఫైర్‌క్రాకర్ ఆ ఇంటిని బాగా చిన్నది చేసింది, త్వరగా సిద్ధం చేసింది, అయినా అది ఇల్లే. రెండో పద్ధతి సత్రం. ఎవరి గది వారిదే, తాళం వారిదే, కానీ వంటశాల ఒక్కటే, పొయ్యి ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. వచ్చినవాళ్లకు వెంటనే వడ్డిస్తారు. వర్కర్స్‌లో ఆ వంటశాల పేరు వీ8. క్రోమ్ బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్‌ను నడిపే ఇంజినే అది. ఆ గదిని ఐసోలేట్ అంటారు. ఒక ఐసోలేట్ ఐదారు మిల్లీసెకండ్లలో సిద్ధమవుతుంది. లాంబ్డాలో చాలాసేపు ఎవరూ రాని ఫంక్షన్‌ను నిద్ర లేపాలంటే వందల మిల్లీసెకండ్లు పట్టవచ్చు, బరువైన కోడ్ అయితే సెకను దాటవచ్చు. దాన్నే కోల్డ్ స్టార్ట్ అంటున్నాం.

సత్రంలో ఉంటే సత్రం నియమాలు పాటించాలి కదా. ఒక్కో ఐసోలేట్‌కు 128 మెగాబైట్ల మెమరీ. ఉచిత పథకంలో ఒక్కో అభ్యర్థనకు ప్రాసెసర్ సమయం 10 మిల్లీసెకండ్లు. పీడీఎఫ్ తయారు చేయడానికి క్రోమ్‌ను లోపల నడుపుతాను అంటే కుదరదు. బొమ్మల సైజు మార్చే షార్ప్ లాంటి లైబ్రరీలు సీ భాషలో రాసిన భాగాల మీద ఆధారపడతాయి, అవి అక్కడ నడవవు. మీ ప్రాజెక్టు పైథాన్‌లోని జాంగోలోనో పీహెచ్‌పీలోని లారావెల్‌లోనో ఉందా? అయితే దాన్ని విరగ్గొట్టి ఎడ్జ్‌లోకి తోయకండి. ముంబైలో గూగుల్ క్లౌడ్ రన్ ఉంది, కంటైనర్, అంటే కోడ్‌నూ దానికి కావలసినవాటినీ కలిపి కట్టిన మూట, ఇస్తే నడుపుతుంది, ఎవరూ రాకపోతే సున్నాకు వస్తుంది. అమెజాన్‌కు ముంబై 2016 నుంచి ఉంది, 2022 నవంబరు నుంచి హైదరాబాద్ కూడా ఉంది. మీ పనికి అవి చాలు. ఈ భాగాన్ని ఇక్కడితో వదిలేస్తాను.

ఇప్పుడు నా అనుభవం. దీన్ని మాత్రం నిదానంగా చెబుతాను.

మా బాబాయి లాంటి రైతుల కోసం మేము ముగ్గురం కలిసి ఒక అప్లికేషన్ కట్టాం. గుంటకు ఎంత మేత పడింది, దుకాణంలో ఎంత బాకీ ఉంది, ఈ రోజు కౌంట్ ధరలు ఎంత. కౌంట్ అంటే తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అది ఆ కౌంట్. 100 కౌంట్ అంటే కిలోకు నూరు, చిన్నవి. 30 కౌంట్ అంటే కిలోకు ముప్పై, పెద్దవి, ధర ఎక్కువ. పట్టుబడికి ముందు రోజు రాత్రి రైతుకు ఆ ధర తెలియడం ఎంత ముఖ్యమో బాబాయిని అడగండి. తెలియకపోతే కొనేవాడు చెప్పిందే ధర. వల వేసి రొయ్య గట్టు మీదికి వచ్చాక బేరం చేయడానికి సమయం ఉండదు, ఐసులోకి వెళ్లిపోవాలి.

మొదట ఆ అప్లికేషన్ కోడ్, డేటాబేస్ రెండూ అమెరికా తూర్పు తీరంలో ఉండేవి. మేము కావాలని పెట్టలేదు. ఖాతా తెరిచినప్పుడు అది ముందుగానే ఎంచి ఉంది, మేము మార్చలేదు, అంతే. పేజీ తెరవడానికి సెకనుకు కొంచెం తక్కువ పట్టేది. ఎడ్జ్ గురించి చదివి, కోడ్‌ను ఎడ్జ్‌కు మార్చాం. చెన్నై నుంచి వస్తుంది, ఇక క్షణంలో తెరుచుకుంటుంది అనుకున్నాం. మార్చిన రోజు సాయంత్రం బాబాయి ఫోన్ చేశారు. "అబ్బాయ్, నిన్నటి దాకా బాగానే ఉంది కదా, ఈ రోజు తిరుగుతానే ఉంది" అన్నారు. చూస్తే నిజమే. రెండు సెకన్లు దాటుతోంది.

ఎందుకు? దగ్గరికి తెచ్చాం కదా, ఎందుకు ఆలస్యమైంది? చెప్పగలరా ఎవరైనా? ...సరిగ్గా చెప్పావమ్మా. డేటాబేస్ అక్కడే ఉండిపోయింది.

లెక్క వేద్దాం. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు వెళుతుంది. అంటే వెయ్యి కిలోమీటర్ల దూరానికి వెళ్లి రావడానికి 10 మిల్లీసెకండ్లు. నెల్లూరు నుంచి చెన్నై 175 కిలోమీటర్లు, రెండు మిల్లీసెకండ్లు కూడా కాదు. మొబైల్ నెట్‌వర్కులో పడే ఆలస్యమే దానికంటే చాలా ఎక్కువ. అదే అమెరికా తూర్పు తీరం అంటే పదమూడు, పద్నాలుగు వేల కిలోమీటర్లు. కాంతి తిన్నగా వెళ్లినా 130 మిల్లీసెకండ్లకు పైనే. కేబుళ్లు తిన్నగా వెళ్లవు కాబట్టి రెండు వందలు దాటుతుంది. ఈ దూరాన్ని తగ్గించడం ఏ కంపెనీ వల్లా కాదు.

మా పేజీ తెరిస్తే కోడ్ డేటాబేస్‌ను ఏడుసార్లు అడిగేది. ఈ మనిషి లాగిన్ అయ్యాడా? ఆయన వివరాలు ఏమిటి? గుంటలు ఎన్ని? మేత ఎంత పడింది? బాకీ ఎంత? ధరలు ఎంత? ప్రకటనలు ఏమున్నాయి? ఒకదాని తర్వాత ఒకటి. కోడ్, డేటాబేస్ పక్కపక్కన ఉన్నప్పుడు ఈ ఏడు ప్రశ్నలకూ కలిపి పది మిల్లీసెకండ్లు పట్టేది. రైతు ఫోను నుంచి సముద్రం దాటే ప్రయాణం ఒక్కటే. కోడ్‌ను చెన్నైకి తెచ్చాక ఏమైంది? ఏడు ప్రశ్నలు, ఏడుసార్లూ సముద్రం దాటాలి. ఏడు రెండు వందలు పద్నాలుగు వందలు. డేటాబేస్‌తో మొదట కనెక్షన్ కలపడానికి మళ్లీ మూడు నాలుగు సార్లు అటూ ఇటూ. రెండు సెకన్లు అక్కడే అయిపోయింది. రైతుకూ కోడ్‌కూ మధ్య దూరం తగ్గించి, కోడ్‌కూ ఖాతా పుస్తకానికీ మధ్య దూరం పెంచాం. అడిగేది ఒక్కసారి ఉన్నచోట దగ్గర చేశాం, ఏడుసార్లు ఉన్నచోట దూరం చేశాం.

ఇంకొక ఇబ్బంది కూడా వచ్చింది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు ఒకేసారి ఎన్ని కనెక్షన్లు అన్న హద్దు ఉంటుంది, మనం మార్చకపోతే అది 100. ఎడ్జ్‌లో కోడ్ అనేక చోట్ల, అనేక ముక్కలుగా నడుస్తుంది. ఒక్కొక్కటీ సొంత కనెక్షన్ తెరుస్తుంది. ఉదయం ధరలు వచ్చే వేళ అందరూ ఒక్కసారి తెరిచేసరికి ఆ వంద నిండిపోయి, తర్వాత వచ్చినవాళ్లకు తలుపు మూసుకుపోయింది. మధ్యలో కనెక్షన్లను పంచిపెట్టే పూలర్ తప్పనిసరి అని ఆ రోజు తెలిసింది. క్లౌడ్‌ఫ్లేర్‌లో దీనికి హైపర్‌డ్రైవ్ ఉంది. లేదా మీరే పీజీబౌన్సర్ పెట్టుకోవచ్చు.

చివరికి ఏం చేశాం? డేటాబేస్‌ను ముంబైకి తెచ్చాం. ఏడు ప్రశ్నలను రెండుగా కలిపాం. ఖాతా చూపించే కోడ్‌ను డేటాబేస్ పక్కనే, ముంబైలోనే నడిపాం. మీకు ఇందులో వింతగా అనిపిస్తోందా? ఎడ్జ్ గురించి చెప్పమంటే ఎడ్జ్ నుంచి వెనక్కి తెచ్చాను అంటున్నానని? క్లౌడ్‌ఫ్లేర్ వాళ్లే 2023లో స్మార్ట్ ప్లేస్‌మెంట్ అని ఒక సౌకర్యం పెట్టారు. మీ కోడ్ వెనకనున్న డేటాబేస్‌తో ఎక్కువగా మాట్లాడుతుంటే, దాన్ని జనానికి దగ్గరగా కాకుండా డేటాబేస్‌కు దగ్గరగా నడుపుతుంది. ఎడ్జ్ ఫంక్షన్లను గట్టిగా ప్రచారం చేసిన వర్సెల్ ఇప్పుడు తన పత్రాల్లో వాటి నుంచి నోడ్ రన్‌టైమ్‌కు, అంటే మామూలు సర్వర్ల మీద జావాస్క్రిప్ట్‌ను నడిపే పద్ధతికి, మారమని సలహా ఇస్తోంది. మాకు ఎదురైనదే వాళ్లకూ ఎదురైంది.

వర్సెల్ వాడుతున్నవాళ్లు ఎందరున్నారు ఇక్కడ? చాలామందే. ఇంటికి వెళ్లగానే ఒక పని చేయండి. కొత్త ప్రాజెక్టు ఫంక్షన్లు మీరు మార్చకపోతే అమెరికాలోని వాషింగ్టన్ ప్రాంతంలో నడుస్తాయి. సెట్టింగుల్లో ముంబై ఉంది. మీ డేటాబేస్ ముంబైలో ఉంటే దాన్ని ముంబైకి మార్చండి. డేటాబేస్ అమెరికాలో ఉంటే మాత్రం ఆగండి, ముందు డేటాబేస్‌ను మార్చండి. ఒక్కదాన్నే మారిస్తే నాకు జరిగిందే మీకు జరుగుతుంది.

మరి ఎడ్జ్ ఎక్కడ పెట్టాం? కౌంట్ ధరల పేజీని ఎడ్జ్‌లో పెట్టాం. ఎందుకంటే ఆ పేజీ స్వభావం వేరు. రాసేది రోజుకు ఒకటి రెండు సార్లు, ఒకే మనిషి. చదివేది వేల మంది, ఒకే వేళలో, అందరికీ ఒకే సమాచారం. క్లౌడ్‌ఫ్లేర్‌లో కేవీ అని ఒక నిల్వ ఉంది. ఒకచోట రాస్తే, ప్రపంచంలో ఎక్కడ చదివితే అక్కడ కాపీ నిలుస్తుంది. కొత్తగా రాసింది మిగిలిన చోట్ల కనిపించడానికి 60 సెకన్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పట్టవచ్చు. ధర ఒక నిమిషం ఆలస్యంగా కనిపిస్తే రైతుకు నష్టమా? బాబాయిని అడిగాను. రాత్రి బేరానికి ఒక నిమిషం ఏమీ కాదన్నారు. అయితే కేవీ సరిపోతుంది.

ఇప్పుడు మేత దుకాణం చూడండి. ఒకే యజమానికి అల్లూరులో ఒక కొట్టు, ఇందుకూరుపేటలో ఒక కొట్టు. గోడౌన్‌లో పది బస్తాలే మిగిలాయి. ఇక్కడొకరు పది బస్తాలు రాయించుకున్నారు. ఇరవై సెకన్ల తర్వాత అక్కడొకరు పది రాయించుకున్నారు. కేవీలో పెడితే రెండో కొట్టు ఇంకా పాత అంకెనే చూస్తోంది. ఇరవై బస్తాలు అమ్మారు, ఉన్నవి పది. ఒక రైతు ట్రాక్టరు తీసుకుని గోడౌన్ దాకా వచ్చి ఖాళీగా వెళ్లాలి, ఆ పూట రొయ్యకు మేత పడదు. సరుకు లెక్క, బాకీ లెక్క, డబ్బు లెక్క, వీటికి నిమిషం పాత సమాచారం పనికిరాదు. వీటికి ఒకేచోట, ఒకే పుస్తకం ఉండాలి. అది పోస్ట్‌గ్రెస్ కావచ్చు, వర్కర్స్‌లోని డ్యూరబుల్ ఆబ్జెక్ట్ కావచ్చు. దాని పద్ధతి కూడా అదే, ఒక పుస్తకం ఒకేచోట ఉంటుంది, రాసేవాళ్లు వరుసలో నిలబడతారు.

కాబట్టి ప్లాట్‌ఫామ్‌ల పేర్లు పక్కపక్కన రాసి మార్కులు వేయడానికి ముందు, మీ అప్లికేషన్‌లోని పేజీలను ఒక కాగితం మీద రాయండి. ఒక్కొక్క దాని పక్కన, ఇది పాతబడితే ఎవరికి నష్టం, ఎంతసేపు పాతబడవచ్చు అని రాయండి. మేము ఆ కాగితం రాయడానికి ఒక సాయంత్రం పట్టింది. ఆ సాయంత్రం తర్వాత ప్లాట్‌ఫామ్ ఎంపికకు పది నిమిషాలు పట్టింది.

డేటా విషయంలో ఇంకొకటి. కేవీలో పెడితే ప్రపంచంలో ఎక్కడ చదివితే అక్కడ కాపీ నిలుస్తుందన్నాను కదా. రైతు ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు అలా వెళ్లాలా? వద్దు. మన దేశంలో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. చెల్లింపుల వ్యవస్థల డేటాను దేశంలోనే ఉంచాలని రిజర్వ్ బ్యాంకు 2018లోనే ఆదేశించింది. చట్టం సంగతి అలా ఉంచినా, ఆ రైతు మనల్ని నమ్మి ఇచ్చిన నంబరు అది. క్లౌడ్‌ఫ్లేర్ డీ1 డేటాబేస్ వాడాలనుకునే విద్యార్థులు కూడా గమనించండి. అది ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ మీద కట్టింది, నేర్చుకోవడానికి చాలా మంచిది. కానీ స్థానం సూచించేటప్పుడు ఆసియా పసిఫిక్ అని చెప్పగలరు, ఇండియా అని చెప్పలేరు.

ఇక డబ్బు. క్లౌడ్‌ఫ్లేర్ వర్కర్స్ ఉచిత పథకంలో రోజుకు లక్ష అభ్యర్థనలు. అవి దాటితే ఆగిపోతుంది, బిల్లు రాదు. విద్యార్థికి ఇది పెద్ద రక్షణ. మీ కోడ్ పొరపాటున తనను తానే పిలుచుకుంటూ రాత్రంతా తిరిగినా మీ నాన్నగారి కార్డు మీద ఏమీ పడదు. డబ్బు కట్టే పథకం నెలకు 5 డాలర్ల నుంచి మొదలవుతుంది, అందులో కోటి అభ్యర్థనలు కలిసి ఉంటాయి. వర్సెల్ ఉచిత పథకం సొంత పనులకే. వ్యాపారానికి వాడకూడదని వాళ్ల నిబంధనల్లోనే ఉంది. మేత దుకాణం సైటును దాని మీద పెట్టి డబ్బు తీసుకుంటున్నవాళ్లు ఇక్కడుంటే దయచేసి మార్చుకోండి.

దేనికి డబ్బు తీసుకుంటారో కూడా చూడాలి. మా కోడ్ చెల్లింపు గేట్‌వేను అడిగి సమాధానం కోసం ఎదురుచూస్తుంది. పని చేసేది 3 మిల్లీసెకండ్లు, ఎదురుచూసేది 400. వర్కర్స్ పని చేసిన 3కే లెక్క వేస్తుంది. లాంబ్డా మామూలుగా మొదటి నుంచి చివరి దాకా, ఎదురుచూపుతో కలిపి లెక్క వేస్తుంది. ఎదురుచూపు ఎక్కువ ఉన్న అప్లికేషన్‌కు ఈ తేడా చాలా పెద్దది. బొమ్మలు, వీడియోలు ఎక్కువ పంపేవాళ్లు బయటికి వెళ్లే డేటాకు ఎంత అని ముందు చూసుకోండి. క్లౌడ్‌ఫ్లేర్ ఆర్2 నిల్వలో దానికి రుసుము లేదు.

మన దగ్గర ఎవరూ చెప్పని ఇబ్బంది ఒకటుంది. కార్డు. నెలనెలా డాలర్లలో కోత పడాలంటే మన బ్యాంకుల నిబంధనలు వేరు. 2021 అక్టోబరు నుంచి రిజర్వ్ బ్యాంకు ఈ-మాండేట్ నియమాలు వచ్చాయి, ముందుగా అనుమతి నమోదు కాకపోతే ఆ కోత ఆగిపోతుంది. అప్లికేషన్ బాగానే ఉంటుంది, కోడ్ బాగానే ఉంటుంది, బిల్లు కట్టలేదని సైటు ఆగిపోతుంది. అమెజాన్ ఇండియా రూపాయల్లో బిల్లు ఇస్తుంది. చిన్న సంస్థకు జీఎస్టీ లెక్కలకు కూడా అది సులువు. సాంకేతికంగా రెండూ సరిపోతాయనుకున్నప్పుడు, ఇలాంటి కారణం మీద ఎంచుకోవడం ఏమీ చిన్నతనం కాదు.

చివరిగా బయటికి వచ్చే దారి గురించి. 2025 అక్టోబరు 20న అమెజాన్ వర్జీనియా ప్రాంతంలో డైనమోడీబీ అనే డేటాబేస్ సేవకు సంబంధించిన డీఎన్ఎస్, అంటే పేరును బట్టి చిరునామా చెప్పే వ్యవస్థ, దెబ్బతిని ప్రపంచంలో ఎన్నో సేవలు ఆగిపోయాయి. నెల తిరగకముందే, నవంబరు 18న క్లౌడ్‌ఫ్లేర్ ఆగింది. బాట్లను, అంటే మనుషులకు బదులు సైట్లు తెరిచే ప్రోగ్రాములను, గుర్తించే వ్యవస్థ వాడే ఒక ఫైలు ఉండవలసిన సైజు కంటే రెట్టింపై, దాన్ని చదివే ప్రోగ్రాములు కూలిపోయాయి. మూడు వందల నగరాల్లో ఉన్నా ఒకే ఫైలు అన్ని చోట్లకూ వెళ్లింది కదా. ఆ రోజు చాలామంది వేరే చోటుకు మారదామని చూశారు. మార్చాలంటే వాళ్ల డ్యాష్‌బోర్డులోకి వెళ్లాలి, ఆ లాగిన్ కూడా దెబ్బతింది. అందుకని నేను చేసే పని చెబుతాను. డొమైన్ పేరును ఒక సంస్థ దగ్గర, కోడ్‌ను వేరే సంస్థ దగ్గర ఉంచుతాను. ధరల పేజీకి మామూలు హెచ్‌టీఎంఎల్ కాపీ ఒకటి మరోచోట ప్రతిరోజూ తయారవుతుంది. డేటాబేస్ కాపీ రోజూ రాత్రి మా సొంత డిస్కులోకి వస్తుంది. రెండు ప్లాట్‌ఫామ్‌ల మీద ఒకేసారి నడపమని చిన్న సంస్థలకు నేను చెప్పను. ఆ శ్రమ మీరు మోయలేరు.

కోడ్ రాసేటప్పుడు కొంచెం ముందుచూపు ఉంటే చాలు. రిక్వెస్ట్, రెస్పాన్స్, ఫెచ్, ఇవి వెబ్ ప్రమాణాలు. వర్కర్స్‌లో, డెనోలో, నోడ్‌లో ఒకేలా ఉంటాయి. హోనో అనే చిన్న ఫ్రేమ్‌వర్క్ వీటి మీదే కట్టారు, ఒకే కోడ్ అన్నిచోట్లా నడుస్తుంది. కేవీని పిలిచే మాటను యాభై ఫైళ్లలో చల్లకండి. ధర తెచ్చే ఫంక్షన్ ఒకటి రాసి, కేవీ పేరు అందులో మాత్రమే ఉంచండి. మేము మారినప్పుడు మార్చింది ఆ ఒక్క ఫైలే.

వెనక ఎవరో చెయ్యెత్తారు. చెప్పు బాబూ. ...హాస్టల్ మెస్ అప్లికేషనా? ఎంతమంది? నాలుగు వందల మంది, అందరూ కావలిలోనే. అయితే నువ్వే చెప్పు. మెనూ పాతబడితే నష్టమా? కాదు. రేపు భోజనం వద్దని గుర్తు పెట్టే లెక్క పాతబడితే? అవును, అన్నం మిగిలిపోతుంది. మెనూను ఎడ్జ్‌లో పెట్టు. లెక్కను ముంబైలో ఒక చిన్న పోస్ట్‌గ్రెస్‌లో పెట్టు, కోడ్ దాని పక్కనే. నాలుగు వందల మందికి అన్నీ ఉచిత పథకాల్లోనే అయిపోతాయి.

ఇక నా మాటలు చాలు, ఒక పని చేద్దాం. మ్యాపులో చెన్నై దగ్గరే. కానీ మీ ఫోను కంపెనీ మీ డేటాను ఏ దారిన తీసుకెళుతుందో మ్యాపు చెప్పదు. నెల్లూరులో కూర్చున్నవారి డేటా ముంబై వెళ్లి రావచ్చు, సింగపూర్ వెళ్లి రావచ్చు. చూస్తే తప్ప తెలియదు. అందరూ ఫోన్లు తీయండి. వైఫై ఆపేసి మొబైల్ డేటా పెట్టండి. బ్రౌజర్‌లో క్లౌడ్‌ఫ్లేర్ డాట్ కామ్ కొట్టి, స్లాష్, సీడీఎన్ హైఫన్ సీజీఐ, స్లాష్, ట్రేస్ అని చేర్చండి. తెల్లని పేజీలో కొన్ని వరుసలు వస్తాయి. కోలో అని ఒక వరుస ఉంటుంది చూడండి, దాని పక్కన మూడక్షరాలు. విమానాశ్రయాల సంకేతాలు అవి. ఎం ఏ ఏ అంటే చెన్నై, హెచ్ వై డీ హైదరాబాద్, బీ ఓ ఎం ముంబై, ఎస్ ఐ ఎన్ అంటే సింగపూర్.

బాబాయ్, మీ ఫోన్ కూడా ఇటివ్వండి. ముందు మీదే చూద్దాం. వరుసగా ఒక్కొక్కరు ఫోను కంపెనీ పేరు, మూడక్షరాలు చెప్పండి. నేను బోర్డు మీద రాస్తాను.